కండక్టరు ముద్దుకృష్ణ మాటలు

మదనపల్లెలో పొద్దున ఏడింటికి బయల్దేరి పుంగనూరు, పలమనేరు, వి.కోటల మీదుగా కుప్పం చేరే ప్రైవేటు బస్సు ఒకటుండేది. అందులో చెప్పుకోదగ్గ సుఖమేమీ లేదు. వానొస్తే కిటికీలకు టార్పాలిన్ పట్టాలు దించుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ముసలి దున్నలా ఆయాసపడేది. అయినా ఆ బస్సు దిగేవాళ్ళ మొహాలు ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవి. అదంతా కండక్టరు ముద్దుకృష్ణ నోటి మహిమ.

అతనికి తెలుగెంత బాగా వచ్చో తమిళమూ కన్నడమూ అంత బాగా వచ్చు. వి.కోటలో ఎక్కినవాళ్ళను కన్నడంలో పలకరించేవాడు, కుప్పం దగ్గర పడేసరికి తమిళంలోకి దూకేవాడు. కోళ్ళగంపతో ఎక్కిన ముసలామెను పట్టుకొని, "అవ్వా, నీ కోళ్ళు కూసుంటాయా, నిలబడే వస్తాయా? సీటుండాది, మొగమాటపడొద్దని సెప్పు" అనేవాడు. ఆ అవ్వ తిట్టినట్టే తిట్టి, దిగేటప్పుడు నాలుగు చింతకాయలు చేతిలో పెట్టిపోయేది. డ్రైవరు బైరప్ప అతనికంటే పదేళ్ళు పెద్ద. ఆయన మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. వాళ్ళిద్దరికీ అందుకే అంత బాగా కుదిరింది.

నీరజది పుంగనూరు. ముద్దుకృష్ణ ఆమెకు మేనమామ వరస. 1987లో పెళ్ళి మాటలప్పుడు అతను ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"నేను దినమంతా బస్సులో వాగి వాగి వస్తా. ఇంటికొచ్చి మళ్ళీ వాగితే వింటావా?"

"నేనూ వాగుతా మామా. ఎవురు గెలుస్తారో సూద్దాం" అంది నీరజ.

పుంగనూరులోనే పెట్టిన కాపురంలో ఆ పోటీ ఐదేళ్ళు నడిచింది. ఇరుగుపొరుగు వాళ్ళు తమ ఇళ్ళల్లో రేడియో అక్కర్లేదనేవాళ్ళు. మధ్యలో కూతురు సుష్మ పుట్టింది.

1992 ఎండాకాలంలో ముద్దుకృష్ణ హాస్యం తిరగబడింది. మొదట ఎవరికీ తెలియలేదు. ఒకరోజు కుప్పం స్టాండులో ఊరి పేరు అరుస్తూ, "కుప్పం, కుప్పం, కుప్ప, కప్ప, తుప్ప, తుప్పలో నిప్పు, నిప్పుకు ఎవురు సెప్పినారు?" అంటూ పోయాడు. జనం పగలబడి నవ్వారు. బైరప్ప అద్దంలోంచి చూశాడు. ముద్దుకృష్ణ మాత్రం నవ్వడం లేదు. ఎవరో తరుముతున్నట్టు ఒక మాట వెనక ఒక మాట వదులుతున్నాడు. మాటకూ మాటకూ మధ్య సంబంధం శబ్దంలోనే ఉంది, అర్థంలో లేదు.

ఇంట్లో కూడా అంతే. ఉప్పు అడగబోయి సముద్రం గురించి మొదలుపెట్టి, అక్కడినుంచి పడవలకు పోయి, పడవల్లో వస్తున్న మనుషులు తన పేరు పలుకుతున్నారనేవాడు. విజిలు ఊదితే అది తన రహస్యాలు బయటపెడుతోందని దాన్ని బియ్యం డబ్బాలో దాచాడు. బియ్యం తీసే గ్లాసుతో పాటు విజిలు బయటికొచ్చిన రోజున నీరజ నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే కూర్చుండిపోయింది.

ఆషాఢంలో ఒక పొద్దున పలమనేరు దాటాక అతను బస్సు ఆపించి అందరినీ దిగమన్నాడు. టైర్లు చాడీలు చెబుతున్నాయట. బైరప్ప వాదించలేదు. బస్సును పుంగనూరు వైపు తిప్పి, ముద్దుకృష్ణను చెయ్యి పట్టుకొని ఇంటిదాకా నడిపించుకొచ్చి, నీరజకు అప్పగించాడు. బస్సులో నలభై మంది అరగంట సేపు కాచుకున్నారు. ఒక్కరూ గొణగలేదని బైరప్ప తర్వాత చాలాసార్లు చెప్పుకునేవాడు.

రెండు నెలలు తాయెత్తులూ మొక్కుబడులూ అయ్యాయి. ఆ తర్వాత బైరప్పే మదనపల్లెలో దేవసహాయం అనే డాక్టరు పేరు చెప్పాడు. ఆయన పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరై, సొంత ఇంటి వరండాలోనే మనసు జబ్బుల వాళ్ళను చూసేవాడు. జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అన్నాడు. మాత్రలిచ్చాడు. ఐదారు నెలలకు పడవలు రావడం మానేశాయి, టైర్లు నోరు మూసుకున్నాయి. ముద్దుకృష్ణ వేళకు తిని వేళకు పడుకోసాగాడు.

అయితే మాటలు రాలేదు.

అడిగితే "ఊ" అనేవాడు, లేకపోతే "సూస్తాం" అనేవాడు. ఒక వాక్యం మొదలుపెట్టి సగంలో ఆగి, మిగతా సగం ఎక్కడ పెట్టాడో మరిచిపోయినవాడిలా చుట్టూ చూసేవాడు. అంగడికి పంపి మూడు వస్తువులు చెబితే ఒకటి తెచ్చేవాడు. నీరజకు మాత్రల మీదే అనుమానం కలిగింది. ఈసారి మదనపల్లె పోయినప్పుడు అడిగేసింది.

"రోగం తగ్గిండాది గదా సార్. మాటలు యాల రావు? మాత్రలు తినేస్తాండాయా?"

డాక్టరు ముద్దుకృష్ణ వైపు తిరిగాడు. "కృష్ణప్పా, ఒక్క నిమిషం ఇస్తా. నీకు తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పు."

ముద్దుకృష్ణ బాగా ఆలోచించాడు. "ఆవు" అన్నాడు. కొంచెం సేపటికి, "పుంగనూరావు" అన్నాడు. వరండా బయట సైకిలు గంట మోగింది, పోయింది. "మా అత్తోళ్ళ ఆవు" అన్నాడు. నిమిషం అయిపోయింది.

నీరజకు నవ్వొచ్చింది. దాని వెనకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "మూడూ ఆవులే గదా సార్. ఊరి పేర్లు గుక్క తిప్పుకోకుండా సెప్పే మనిషి."

"ఈ జబ్బంటే చెవుల్లో గొంతులు వినబడడమే అనుకుంటారమ్మా అందరూ" అన్నాడు డాక్టరు. "అది ఒక భాగం. ఆలోచనను మాటగా పేర్చే పని కూడా దెబ్బతింటుంది. మనం ఒక వాక్యం చెప్పాలంటే దాని మొదలు గుర్తుండాల, తర్వాతి మాట వెతుక్కోవాల, ఎదుటివాళ్ళు ఏమడిగినారో మరిచిపోకూడదు. ఈ మూడూ ఒకేసారి ఆయన చేత కావడం లేదు. సోమరితనం అనుకోవద్దు. నీ మీద అలకా కాదు."

"మాత్రలకు లొంగదా?"

"గొంతులు లొంగినాయి. మాటల విషయంలో మాత్రల సాయం తక్కువే. అట్లని రోజురోజుకీ దిగజారిపోతాడని భయపడొద్దు. చాలామంది ఒక చోట నిలబడతారు, కొందరు ఎంతో కొంత కోలుకుంటారు. ఆయనకు చేతినిండా పని ఉండాల. ఒకసారికి ఒకే మాట చెప్పు. వంకర మాటలొద్దు, ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకొకటి..." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇందాకటి నుంచి ఆయన్ను నేను తొమ్మిది ప్రశ్నలు అడిగినాను. అన్నం తింటాండావా, నిద్ర పడుతోందా, అన్నిటికీ నువ్వే జవాబు చెప్పినావు. జంతువులొక్కటే ఆయనకు వదిలినావు."

నీరజ సిగ్గుపడింది. అయినా తిరుగు బస్సులో పక్క సీటాయన ముద్దుకృష్ణను "ఏ ఊరప్పా మీది?" అని అడిగితే, "పుంగనూరు" అని ఆమే చెప్పేసింది.

బస్సు యజమాని మంచివాడు, మళ్ళీ పనిలోకి పిలిచాడు. ముద్దుకృష్ణ పది రోజులు పోయాడు. ఎక్కినవాళ్ళెవరో దిగాల్సినవాళ్ళెవరో అతనికి తెలిసేది కాదు. ఇద్దరు ఒకేసారి అడిగితే ఇద్దరికీ జవాబు రాదు. బైరప్ప ముందు నుంచి సాయం చేసేవాడు, తెలిసినవాళ్ళు తామే టికెట్టు అడిగి తీసుకునేవాళ్ళు. పదో రోజున పుంగనూరులో అతను తోలుసంచీని డ్రైవరు పక్కన పెట్టి, "సాలన్నా" అన్నాడు. బైరప్ప దిగి అతనితో టీ తాగి, సంచీ తీసుకొని పోయాడు. ఆ తర్వాత కూడా సెలవు దొరికిన రోజు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఇద్దరూ గంట సేపు ఏమీ మాట్లాడుకోకుండా చెనిక్కాయలు ఒలుచుకునేవాళ్ళు. పోయేటప్పుడు బైరప్ప, "బాగుండాది మీ ఆయనతో కబుర్లు" అనేవాడు నీరజతో. ఎగతాళికి అనలేదని ఆయన మొహం చూస్తే తెలిసేది.

1995లో పుంగనూరు శివార్లలో గంగులయ్య నారుతోటలో భార్యాభర్తలిద్దరూ పనికి కుదిరారు. టమోటా నారు, వంగ, మిరప పెంచి రైతులకు ఇస్తాడాయన. నోరు పెద్దది, మనసు మెత్తన. ముద్దుకృష్ణకు ఆ పని కుదిరింది. విత్తనం పెట్టు, మట్టి కప్పు, నీళ్ళు చల్లు. ఒకటి అయ్యాక ఒకటి, ఎవరూ తొందరపెట్టరు. మొక్కలు ప్రశ్నలు వెయ్యవు. నీరజ పొద్దున్నే అతనికి ఆ రోజు మొదటి పని ఒక్కటే చెప్పేది. అది ముగించి తనే వచ్చి ఎదురుగా నిలబడేవాడు, అప్పుడు రెండోది చెప్పేది.

చిక్కల్లా గంగులయ్య మాటతీరుతోనే వచ్చింది. ఆయన ఏదీ నేరుగా చెప్పడు. ఒకరోజు సంతకు పోతూ, "కృష్ణప్పా, ఈ వంగనారు మీద ఒక కన్నేసి ఉంచు" అన్నాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ముద్దుకృష్ణ మడి పక్కన గొంతుక్కూర్చొని నారునే చూస్తున్నాడు. అన్నం క్యారియరు మూత తియ్యలేదు.

"తినలేదా అప్పా?"

"కన్ను ఈడుండాది" అన్నాడు ముద్దుకృష్ణ.

గంగులయ్య తల గోక్కున్నాడు. నీరజ అప్పుడు డాక్టరు చెప్పింది వివరించింది. మాటకు పైన కనబడే అర్థం ఆయనకు అందుతుంది, దాని వెనకది అందదు. "అట్లయితే నేను మళ్ళీ మాటలు నేర్సుకోవాల్నా ఈ వయసులో?" అన్నాడు గంగులయ్య. నేర్చుకోలేదు కూడా. నేర్చుకోకపోవడమే మంచిదయింది.

ఆ మరుసటి ఏడాది ఎండల్లో ఒక కూలీ పొరపాటున టమోటా మడులకు యూరియా రెట్టింపు చల్లేశాడు. రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడి, నారంతా తల వాల్చేసింది. ఆరు పెద్ద మడులు. గంగులయ్య గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. మరునాడు వి.కోటలో ఆయన చెల్లెలి కూతురి పెళ్ళి, పోక తప్పదు. "ఇంగ దీనికి నీళ్ళొదులుకోవాల్సిందే కృష్ణప్పా" అని నిట్టూర్చి బస్సెక్కాడు. ఆశ వదిలేసుకున్నాననే ఆయన అన్నాడు. పక్కనున్న వాళ్ళందరికీ అలాగే అర్థమయింది, ఒక్క ముద్దుకృష్ణకు తప్ప.

యజమాని పని చెప్పి పోయాడు, నీళ్ళు వదలాలి. అతను మోటారు ఆన్ చేసి ఆరు మడులకూ నీళ్ళు వదిలాడు. మడి నిండి పొంగి కాలువలోకి పోయేదాకా వదిలాడు. సాయంత్రం మళ్ళీ వదిలాడు. రెండో రోజు కూడా అంతే. నీరజ అడ్డం పోయింది. "మామా, అది సచ్చిపోయిన నారు. యాల అవస్థ?" అతను మొదలుపెట్టిన పని మధ్యలో ఆపే మనిషి కాదు. గొట్టం పక్కకు తిప్పి ఆమె కాళ్ళు తడవకుండా చూశాడు, అంతే.

ఐదో రోజు గంగులయ్య పెళ్ళి లడ్డూలతో దిగాడు. మడుల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ముప్పాతిక వంతు నారు తలెత్తి నిలబడింది. మాడిన ఆకుల మధ్య నుంచి లేత చిగురు పచ్చగా వస్తోంది.

"ఎవురు సెప్పినారప్పా ఇట్లా సెయ్యమని?"

"నువ్వే."

"నేనా? నేనేమంటిని?"

"నీళ్ళొదలమంటివి."

గంగులయ్య గట్టు మీద కూలబడి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని నవ్వాడు. ఎంత నవ్వాడంటే మోటారు షెడ్డు దగ్గరి ఆడవాళ్ళు ఏమయిందోనని పరిగెత్తుకొచ్చారు. ఎక్కువైన ఎరువును నీళ్ళే కడిగేశాయని, అదే సరైన మందని ఆ వారంలో వచ్చిన వ్యవసాయాధికారి చెప్పాడు. ఆ కబురు పుంగనూరు సంతలో నెల రోజులు తిరిగింది. రైతులు నారు కోసం వచ్చి, "నీళ్ళొదిలిన కృష్ణప్ప యాడుండాడు?" అని అడిగి మరీ చూసిపోయేవాళ్ళు. అంత మంది ఎందుకు నవ్వుతున్నారో ముద్దుకృష్ణకు పూర్తిగా అర్థమయిందో లేదో గానీ, లడ్డూలు మాత్రం నాలుగు తిన్నాడు.

ఆ రోజులు బాగున్నాయి. అవి బాగున్నందువల్లే నీరజ తప్పు చేసింది.

అన్నీ కుదిరాయి గదా, మాటలు కూడా వస్తే ఎంత బాగుండును అనిపించేది ఆమెకు. పెళ్ళినాటి మనిషి లోపలెక్కడో ఉన్నాడని, మాత్రల మత్తు అతన్ని కప్పేసిందని ఒక నమ్మకం. 1999లో ఎవరికీ చెప్పకుండా రోజుకు రెండు మాత్రలను ఒకటి చేసింది. తర్వాత అదీ మానేసింది. నెల తిరక్కముందే ముద్దుకృష్ణ కళ్ళలో మెరుపొచ్చింది. ఒక పొద్దున కాఫీ తాగుతూ ఏకంగా నాలుగు వాక్యాలు మాట్లాడాడు. కుప్పం స్టాండులో ఎవడో బైరప్ప చెప్పులు వేసుకొని పోయిన సంగతి చెప్పాడు. నీరజ స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. తొమ్మిదేళ్ళ సుష్మ నోరు తెరిచి తండ్రినే చూస్తోంది. ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా వినలేదు.

పది రోజులు ఇంట్లో పండగలా ఉంది. పదకొండో రోజు మాటలు ఆగలేదు. చెప్పుల నుంచి తోలుకు, తోలు నుంచి తోలుబొమ్మలకు, బొమ్మలను ఆడించే దారాలకు, ఆ దారాలు తన మెడకు ఎవరు కట్టారనే దానికి. నీరజకు ఆ దారి తెలుసు, ఒకసారి చూసినదే. మరునాడే మొదటి బస్సుకు మదనపల్లె తీసుకుపోయి, డాక్టరు ముందు కూర్చొని జరిగినదంతా చెప్పేసింది.

"నేనే సేసినాను సార్. మాటల కోసం."

దేవసహాయం కోప్పడలేదు. "నువ్వొక్కదానివే కాదులేమ్మా, ఈ వరండాలో ఎంతమందో చెప్పినారు ఇదే మాట" అన్నాడు.

మూడు వారాలు మదనపల్లె పెద్దాసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. గొంతులు తగ్గాయి. ఇంటికొచ్చాక చూస్తే అతని దగ్గర మునుపటి మాటల్లో కూడా కొన్ని పోయాయి. వస్తువుల పేర్లు చిక్కేవి కావు. నీరజ చాలా రోజులు తనను తాను తిట్టుకుంది. ఒక మధ్యాహ్నం నారుమడి దగ్గర అతను ఆమె చెయ్యి తట్టి నేల మీదికి చూపించాడు. పిడికెడంత కుందేలుపిల్ల ఒకటి మడి నీడలో పడుకుని ఉంది. "నీకు" అన్నాడు. చూపించడానికి పిలిచాడన్నమాట. ఆ ఒక్క మాట అతనిదే. ఆ పది రోజుల మాటల వరదలో నీకు అన్న మాట ఒక్కసారైనా రాలేదని నీరజకు అప్పుడు తట్టింది. ఆ రోజు నుంచి ఆమె మాత్రల జోలికి పోలేదు, పాత మనిషి కోసం వెతకడమూ మానేసింది.

కొన్నేళ్ళకు మత్తు తక్కువగా ఉండే కొత్త మాత్రలు వచ్చాయి. ముద్దుకృష్ణ మొహం తేటపడింది. పేర్లు దొరకనప్పుడు తనే పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. నీళ్ళు చల్లే డబ్బా వానబుడ్డి అయింది. మడుల మీద కట్టే పచ్చ వలకు సగమెండ అని పేరు పెట్టాడు. గంగులయ్య సెల్‌ఫోను జోబుగంట. ఇలాంటివి కూడా జబ్బులో భాగమేనని డాక్టరు చెప్పాడు, అసలు మాట అందక మనసు అడ్డదారి తొక్కుతుందట. ఆ అడ్డదారి ఒక్కోసారి ఎవరికీ దొరికేది కాదు. ఒక ఎండాకాలం రెండు రోజులు "తిరగలమ్మ కావాల" అంటూ తిరిగాడు. నీరజ పక్కింట్లో తిరగలి అడిగి తెచ్చింది. కాదన్నాడు. ఎవరో తిరుమలమ్మ అనే చుట్టాన్ని గుర్తు చేసుకుంది. అదీ కాదు. మూడో రోజు సుష్మ టేబుల్ ఫ్యాను వేస్తే దాని ముందు హాయిగా కూర్చొని, "ఇదే తిరగలమ్మ" అన్నాడు. ఆ ఫ్యానుకు ఆ ఇంట్లో ఇక వేరే పేరు లేదు. నారుతోటకొచ్చే రైతులు కూడా "సగమెండ కింద పెంచిన నారేనా?" అని అడగసాగారు. వాళ్ళలో సగం మందికి ఆ మాట ఎక్కడిదో తెలియదు.

సుష్మ ఎనిమిదో తరగతిలో ఉండగా తెలుగు సారు జాతీయాలకు సొంత వాక్యాలు రాసుకురమ్మన్నాడు. ఆ పిల్ల తండ్రి పక్కన చేరి, "నాయనా, నీళ్ళు నమలడం అంటే ఏమి?" అంది.

"యాల నమలాల?" అన్నాడు ముద్దుకృష్ణ ఆశ్చర్యంగా. "మింగితే పాయ గదా."

సుష్మ అదే రాసింది. 'మా నాయన నీళ్ళు నమలడు, మింగుతాడు.' సారు తప్పు కొట్టబోయి, నవ్వుకొని, ఒప్పు కొట్టాడట. నీరజ ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆ నోటుబుక్కు చూపించేది. చూపించడం వరకు బాగానే ఉండేది, ముద్దుకృష్ణ పక్కనే ఉన్నా కథంతా ఆమే చెప్పేది. అతన్ని ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు కోసం అతని పెదవులు కదిలేలోపల ఆమె నోట్లోంచి మాట వచ్చేసేది. మదనపల్లె డాక్టరు వేలు చూపించి నవ్వేవాడు. ఆమె నాలుక కరుచుకునేది. మళ్ళీ మామూలే.

సుష్మ పెద్దయ్యాక ఒకసారి నేరుగానే అంది. "మా, నువ్వు కొంచేపు ఊరుకుంటే నాయన మాట్లాడతాడు. నేను సూసినా."

"ఎంతసేపు ఊరుకోవాల?"

"నీకు కష్టమయ్యేదాకా. ఇంగా కొంచేపు."

2009లో సుష్మ కుప్పంలో నర్సింగు చదువుతోంది. కార్తీకంలో ఒక ఆదివారం తల్లిదండ్రులు చూడటానికి పోయారు. హాస్టలు ముందు సిమెంటు బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. మధ్యలో నీరజ తెచ్చిన ఉడకేసిన చెనిక్కాయలు.

ముందటి గురువారం ముద్దుకృష్ణ తెల్లవారకముందే టెంపోలో నారు ట్రేలతో రామకుప్పం వైపు పోయాడు. డ్రైవరు వెంకటముని తిరిగొచ్చి జరిగినదంతా నీరజకు చెప్పాడు, చేతులు తిప్పుతూ, రెండు రెట్లు చేసి. ముద్దుకృష్ణ మాత్రం ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. కుప్పం వచ్చేదాకా బస్సులో నీరజ నోరు దురద పెడుతూనే ఉంది.

"ఏం విశేషం నాయనా?" అంది సుష్మ.

నీరజ నోరు తెరిచింది. కూతురు ఆమె వైపు చూడనైనా లేదు, తండ్రినే చూస్తోంది. నీరజ తెరిచిన నోట్లో ఒక చెనిక్కాయ వేసుకొని నమలసాగింది.

ముద్దుకృష్ణ నేల చూశాడు. ఆకాశం చూశాడు. హాస్టలు పిల్లలిద్దరు బకెట్లతో అటు పోయారు, ఇటు వచ్చారు.

"ఏనుగు" అన్నాడు.

సుష్మ ఒక కాయ ఒలిచి తండ్రి చేతిలో పెట్టింది.

"రామకుప్పం. నారు దించేసినాం. యెంకటముని టీకి పాయ. నేను ఈడ. గట్టు మీద." అరచేత్తో బెంచీ తట్టి గట్టు ఎక్కడో చూపించాడు. "తెల్లారింది. రాగిసేనులో మూడు. పెద్దవి రెండు. ఇంగొకటి..."

ఆగాడు. చెయ్యి నడుము ఎత్తున గాలిలో నిలిచిపోయింది. మాట చిక్కడం లేదు. గున్న అన్న మాట నీరజ నాలుక చివర ఉంది. ఆమె ఇంకో చెనిక్కాయ వేసుకుంది, తొక్క కూడా తియ్యకుండా.

"బడికి పొయ్యే ఏనుగు" అన్నాడు ముద్దుకృష్ణ.

సుష్మ నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగబట్టింది.

"అది నన్ను సూసె. నేను దాన్ని సూస్తి. దానికి నేనెవురో తెలీలా." కొంచెం సేపు ఆలోచించాడు. "వాళ్ళమ్మ అరిసె. అది పాయ. తోక ఊపుకుంటా."

కథ అయింది. మొదలుంది, నడుముంది, చివరుంది. వెంకటముని పావుగంట చెప్పిన దానిలో గున్న సంగతి అసలు లేనే లేదు. నీరజకు కళ్ళు చెమర్చాయి. నోట్లో తొక్క అడ్డం పడి దగ్గింది.

"భయపడితివా నాయనా?" అంది సుష్మ.

ఈసారి ఆలోచన చాలాసేపు పట్టింది.

"పడలేదమ్మా" అన్నాడు. "కూసునే ఉంటి."

సుష్మ తల్లి వైపు చూసింది. భయపడటమంటే కింద పడటమనే నిజంగా అర్థం చేసుకున్నాడా, ఆట పట్టిస్తున్నాడా? ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన నీరజకూ తెలియలేదు. అతని మొహంలో ఏ గుర్తూ లేదు. ముందు ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత సుష్మకు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి ముద్దుకృష్ణ కూడా నవ్వాడు. గుప్పెడు కాయలు తీసుకొని కూతురి ఒళ్ళో పోశాడు.

"ఇంగా ఉండాది" అన్నాడు.

తల్లీకూతుళ్ళిద్దరూ అతని దగ్గరికి జరిగి కూర్చున్నారు.